లినక్స్ మింట్‌లో తెలుగు డీటీపీ: ఏళ్ళ తరబడి వాడిన తర్వాత

మాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ షాపు. కథల పుస్తకాలు, శతకాలు, రిటైరైన మాస్టార్ల ఆత్మకథలు, ఎక్కువగా డెమ్మీ సైజు బుక్ వర్కే. సిస్టమ్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో తీసుకున్న సెకండ్ హ్యాండ్‌ది, 2020 జనవరిలో విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే నడుస్తోంది, మధ్యలో వెర్షన్లు మారాయి గానీ వేరేది వెయ్యలేదు. లినక్స్‌లో తెలుగు పుస్తకం పనవుతుందా అని తోటి ఆపరేటర్లు అడుగుతూనే ఉంటారు. అవుతుంది, నా పొట్ట దాంతోనే నిండుతోంది. ఏది బాగుందో ఏది విసిగిస్తుందో రెండూ చెప్తా.

ముందు నేను ఇటువైపు ఎందుకు గట్టిగా నిలబడ్డానో చెప్పాలి. ఒక పెద్దాయన తన పద్యాల పుస్తకం రెండో ముద్రణ వేయించాలని పాత సీడీ పట్టుకొచ్చారు. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైలు, లోపల టైపు చేసింది అప్పటి ఒక ఫాంట్ల ప్యాకేజీలో. లిబ్రాఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని డ్రాలో 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకుంటాయి, ఇదీ తెరుచుకుంది, పేజీలొచ్చాయి, బాక్సులొచ్చాయి, పద్యాలున్న చోట మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు, కామాలు. ఎందుకంటే ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే కోడ్) కావు, ఇంగ్లీష్ అక్షరం ఉండాల్సిన చోట మన తలకట్టో, కొమ్మో, వొత్తో బొమ్మ పెట్టుకుంటాయి, ఆ ఫాంట్ ఉంటేనే తెలుగు, లేకపోతే చెత్త. ఆ ప్యాకేజీ లైసెన్స్ ఆయన దగ్గర లేదు, మొదట టైపు చేసిన షాపూ లేదు. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, మొదటి ముద్రణ కాపీ పక్కన పెట్టుకుని పద్యం పద్యం ప్రూఫ్ చూసుకోవాల్సి వచ్చింది. ఆయన పద్యం ఆయనకే అందకపోవడమేంటండీ? యూజర్ ఫ్రీడమ్ అని పెద్ద పెద్ద మాటలంటారే, నా పనిలో దానర్థం ఇదే. ఇప్పుడు నా దగ్గర అయ్యే ప్రతి పుస్తకం యూనికోడ్‌లో, లిబ్రాఫీస్ వాడే ఓడీటీ ఫైల్‌గా రచయితకి ఇచ్చి పంపిస్తున్నా, రేపు నా షాపు ఉన్నా లేకపోయినా అది తెరుచుకుంటుంది.

టైపింగ్ సంగతి. మన డీటీపీ వాళ్ళ వేళ్ళన్నీ యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌కి అలవాటు పడినవి కదా, లినక్స్‌లో టైపింగ్ భాష మార్చే ఐబస్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ వేసుకుంటే తెలుగు యాపిల్ లేఅవుట్ కనిపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కూడా ఉంటాయి. ఫాంట్లకి కొరత లేదు, మండలి, మల్లన్న, సురన్న, పెద్దన, రామభద్ర, అన్నీ ఓఎఫ్ఎల్ అనే ఫ్రీ ఫాంట్ లైసెన్స్‌వి, పుస్తకంలో వాడుకోవచ్చు, పీడీఎఫ్‌లో ఎంబెడ్ చెయ్యొచ్చు, అంటే ఫైల్ లోపలే ఫాంట్ పెట్టి పంపొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు కూడా. మార్చా కూడా. ఒక ఫాంట్‌లో "రాష్ట్రం" అని హెడ్డింగ్ పెడితే ట వొత్తుకీ క్రావడికీ మధ్య సందు లేక ప్రింట్‌లో ముద్దలా పడేది, ఫాంట్లు దిద్దే ఫాంట్‌ఫోర్జ్‌లో ఆ అక్షరం బొమ్మ (గ్లిఫ్) తెరిచి క్రావడిని కాస్త కిందికి దింపి, వేరే పేరుతో సేవ్ చేసుకుని పెట్టుకున్నా. ఎవర్నీ అడుక్కోలేదు.

ఇంకోటి, రెండంచులూ సమంగా జస్టిఫై చేసిన పేజీలో మన పొడుగు మాటలు విరక్కపోతే లైన్ల మధ్యలో బారెడు ఖాళీలొస్తాయి, లిబ్రాఫీస్‌లో తెలుగు హైఫనేషన్ ఉంది కాబట్టి ఆ బాధ తగ్గింది. తెలుగుకి ఆ హైఫనేషన్ రూల్స్ రాసింది సంతోష్ తొట్టింగల్, ఆయన మలయాళీ. మన భాష పని ఒక మలయాళీ చేసి ఊరికే ఇచ్చాడు, నాకైతే ఆయనమీద చాలా గౌరవం.

పేజ్‌మేకర్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ గురించి అందరూ అడుగుతారు. పాత 1.4లో తెలుగు వొద్దు బాబోయ్, వొత్తులన్నీ విడిపోయి పొల్లులు కనపడేవి. 2024 జనవరి 1న వచ్చిన 1.6లో తెలుగు శుభ్రంగా కూర్చుంటోంది, ప్రెస్‌కి కావాల్సిన నాలుగు రంగుల సీఎంవైకే ఉంది, ప్రింటింగ్ కోసం చేసిన పీడీఎఫ్ రకం పీడీఎఫ్/ఎక్స్ వస్తుంది. కవర్లు, మ్యాగజైన్ పేజీలు అందులోనే. పెద్ద పుస్తకం మొత్తం ఒకే ఫైల్‌లో పెడితే మాత్రం నా సిస్టమ్ ఈడ్చుకుంటూ పోతుంది, అందుకని ఫుట్‌నోట్లున్నవి, రెండొందల పేజీలు దాటినవి లిబ్రాఫీస్ రైటర్‌లోనే కడతా. మొదట్లో ప్రెస్‌లో ప్లేట్లు చేసే అన్న "తమ్మీ, కోరల్ డ్రా ఫైల్ లేదా, అక్షరాలు ఎగిరిపోతే నాకు తెల్వదు" అన్నాడు, ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇచ్చాక ఇప్పుడు ఏమీ అడగట్లేదు.

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ ముందు మా దగ్గర రాత్రింబవళ్ళు పని, ఆ టైంలో సిస్టమ్ దానంతట అది రీస్టార్ట్ అవ్వకపోవడం ఎంత సుఖమో మా ఫీల్డ్ వాళ్ళకి తెలుసు. అప్‌డేట్ ఉందని చెప్తుంది, ఎప్పుడు వెయ్యాలో నేను చూసుకుంటా, వేసే ముందు, ఏదైనా చెడితే వెనక్కి వెళ్ళడానికి టైమ్‌షిఫ్ట్‌లో సిస్టమ్ స్నాప్‌షాట్ తీస్తా.

నచ్చనివీ ఉన్నాయి. తెలుగు స్పెల్ చెక్ బలహీనం, విభక్తి తగిలిస్తే చాలు సరైన మాట కిందా ఎర్ర గీత పెడుతుంది, ప్రూఫ్ రీడర్ లేకుండా కుదరదు. అంతకంటే పెద్ద తలనొప్పి ప్రింటర్. మా పాత లేజర్ ప్రింటర్‌కి ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్) ఎక్కాలి, ఆ ముక్క సోర్స్ కోడ్ లేని బైనరీ, మనం చూడలేం, దిద్దలేం, మింట్ వెర్షన్ మారినప్పుడు దానికి సరిపడే ప్లగిన్ మళ్ళీ దింపుకునే దాకా ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు ఒక్కటీ రాలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ పని మొదలుపెట్టడం వెనక కూడా ఎంఐటీలో సోర్స్ ఇవ్వని ఒక లేజర్ ప్రింటర్ కథ ఉంది, ఇన్నేళ్ళైనా ఆ గొడవ ఇంకా మా టేబుల్ మీదే ఉంది.

కాబట్టి మారాలనుకునేవాళ్ళు ముందే ఏదీ చెరిపెయ్యకండి. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా దాంతోనే బూట్ చేసి, మీ ప్రింటర్‌లో నాలుగు తెలుగు పేజీలు తీసి చూసుకోండి. కొత్త ప్రింటర్ కొనబోతుంటే ఎయిర్‌ప్రింట్ ఉందో లేదో అడగండి, ఉంటే చాలావరకు విడిగా డ్రైవర్ అక్కర్లేకుండానే మింట్‌లో పనిచేస్తుంది.