పోర్షే 996 టర్బో కూలెంట్ లీకు: ఇంజన్ దించి చేయడమా, దించకుండా లాగించడమా, ఏది మేలు?

"అన్నా, 996 టర్బో తీసుకున్నా. గరాజ్ నేల మీద గులాబీ రంగు చుక్కలు పడుతున్నాయి. ఫిట్టింగులు వెల్డ్ చేయించుకోమంటున్నారు. ఇంజన్ ఇంట్లోనే దించొచ్చా? దించకుండా పనవుతుందా? లేక షాపుకే ఇచ్చేయమంటావా?"

డాలస్ నుంచి వచ్చినా, న్యూజెర్సీ నుంచి వచ్చినా మెసేజ్ ఇంచుమించు ఇదే. విడివిడిగా జవాబులు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకచోట పెట్టేస్తున్నా. నాదీ అదే కారు, 996 తరం పోర్షే 911 టర్బో. పోయిన చలికాలం గరాజ్‌లోనే ఇంజన్ దించి ఈ పని చేశాను. నా మొగ్గు ఎటో ఇప్పటికే తెలిసిపోయుంటుంది. అయినా మిగతా దారుల్లో ఉన్న మంచిని దాచను.

అసలు సమస్య తెలిసిందే. పాత ఎయిర్‌కూల్డ్ (గాలితో చల్లబడే) 911ల వారసత్వంలో వచ్చిన, ఇంజనీరు హాన్స్ మెట్జ్‌గర్ పేరుతో పిలిచే మెట్జ్‌గర్ ఇంజన్ ఇది. 1998లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన జీటీ1 కారుకీ దీనికీ చుట్టరికం ఉంది. అంత గట్టి ఇంజన్‌కి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) గొట్టాల చివర్లను, అంటే ఈ ఫిట్టింగులను, మాత్రం హౌసింగులనే అల్యూమినియం పోత భాగాల్లోకి జిగురుతో అంటించి వదిలారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ఆ జిగురు పెళుసెక్కుతుంది. ఒకరోజు ఒత్తిడికి గొట్టం పుటుక్కున ఊడి, ఇరవై లీటర్లకు పైగా ఉండే కూలెంట్ క్షణాల్లో వెనక టైర్ల ముందు పోసేస్తుంది. హైవే మీద అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. 996, దాని తర్వాతి తరం 997లో జీటీ3లు, జీటీ2లు, మొదటి తరం 997 టర్బో, అన్నిటిదీ ఇదే జబ్బు.

పానా పట్టుకునే ముందు ఒక్క మాట. చుక్క పడిన ప్రతిసారీ అది ఫిట్టింగే కానక్కర్లేదు. కూలెంట్ ట్యాంకు మూత పాతబడితే ఒత్తిడి నిలబెట్టలేక బయటికి కక్కేస్తుంది. ముందు బంపర్ మూలల్లో ఉన్న రేడియేటర్ల దగ్గర ఎండుటాకులు, చెత్త పేరుకుని, తడికి అవి తుప్పు పట్టి కారతాయి. మూత మార్చి, ప్రెషర్ టెస్టర్ పెట్టి, ఎక్కడ కారుతోందో కళ్లతో చూశాకే మిగతాది. రేడియేటర్ దగ్గర పోయేదానికి ఇంజన్ దించితే మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు.

లీకు నిజంగా ఇంజన్ దగ్గరే అని తేలిందనుకుందాం.

మొదటి దారి, దించకుండా చేయడం. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ఊడిన ఫిట్టింగ్ చేతికందే చోటుంటే ఆ ఒక్క హౌసింగే విప్పి, బాగుచేయించి, మళ్లీ బిగించుకోవచ్చు. ఒక వారాంతంలో అయిపోతుంది. క్లచ్ లైను ముట్టుకోనక్కర్లేదు, యాక్సిళ్లు విప్పనక్కర్లేదు. ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంట్లు వదులుచేసి, జాకు మీద ఇంజన్‌ని కొన్ని అంగుళాలు కిందికి దింపి చెయ్యి దూర్చేవాళ్లూ ఉన్నారు. దాంతో ఇంకో రెండు మూడు జాయింట్లు అందుతాయి.

నా అభ్యంతరం ఒక్కటే, కానీ నాకు తీర్పు అక్కడే వచ్చేసింది. ఈ ఫిట్టింగులన్నీ ఒకే రకం జిగురుతో, ఒకే కాలంలో అంటించినవి. ఇరవై ఏళ్లుగా అదే వేడిలో ఉడికినవి. ఒకటి ఊడిందంటే దాని పక్కదానికి ఆయుష్షు ఎక్కువుందనుకోవడానికి కారణమేమీ లేదు. నా కారులో కారుతున్నది ఒక్కటే. ఇంజన్ దిగాక మిగతావాటిని చూస్తే, ఇంకో హౌసింగ్‌లో గొట్టం చుట్టూ ఎండిన కూలెంట్ సన్నటి గులాబీ ఉప్పులా గడ్డకట్టి ఉంది. నేల మీద ఒక్క చుక్క పడలేదు, డాష్‌బోర్డులో ఏ హెచ్చరికా లేదు. హీట్ గన్‌తో కాస్త వెచ్చబెట్టి మెలితిప్పితే గొట్టం చేతిలోకి వచ్చేసింది. లోపల జిగురు ఒక పక్క గట్టిగా, ముదురు రంగులో ఉంది. ఇంకో పక్క గోరు తగిలితే పొడిపొడిగా రాలింది. ఆ పొడి పక్క నుంచే కూలెంట్ దారి చేసుకుంటోంది. ఇంజన్ కారులోనే ఉంటే ఈ జాయింటు నాకు కనబడేది కాదు, ఎందుకంటే అది ఇన్‌టేక్ (ఇంజన్‌కి గాలి వెళ్లే భాగం) కింద ఇరుకులో ఉంది. కారుతున్నదాన్ని బాగుచేయించుకుని, దీన్ని అలాగే వదిలేసి, పిల్లల్ని ఎక్కించుకుని ఆస్టిన్ బయల్దేరేవాణ్ని.

దించకుండా చేసేవాళ్లలో కొందరు హౌసింగ్ కూడా విప్పకుండా, ఉన్నచోటే డ్రిల్ వేసి, గొట్టం ఊడకుండా పిన్ను (స్క్రూ) బిగిస్తారు. ఇది మాత్రం వద్దు. డ్రిల్ వేసినప్పుడు రాలే అల్యూమినియం రజను గొట్టం లోపలికే పోతుంది. అక్కణ్నుంచి వాటర్ పంపుకీ, ముందున్న రేడియేటర్ల సన్న గొట్టాలకీ చేరుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

రెండో దారి, ఇంట్లో దించడం. అందరూ భయపడేది బోల్టుల గురించి, వైర్ల గురించి. అవి నిజానికి సులువు. విప్పిన ప్రతి ప్లగ్గుకీ టేపు మీద రాసి అంటిస్తే, ఫోన్లో ఫోటో తీసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. భయపడాల్సింది ఎత్తు గురించి. 911 ఇంజన్ పైకి రాదు, కిందికి దిగి బంపర్ కింద నుంచి వెనక్కి రావాలి. వెనక బంపర్, ఇంటర్‌కూలర్లు (టర్బో గాలిని చల్లబరిచేవి) ముందే తీసేయాలి. ఆ తర్వాత కొలవాల్సింది ఇంజన్ ఎత్తు, దానికి జాకు పూర్తిగా దిగినప్పుడున్న ఎత్తు కలపాలి. కారు వెనక భాగం అంతకన్నా ఒకట్రెండు అంగుళాలు ఎక్కువ లేవాలి. ఇన్‌టేక్ పై భాగం ముందే విప్పేస్తే కొంత కలిసొస్తుంది. నేల మీద పరిచే పోర్టబుల్ లిఫ్టులు రెండడుగులకు లోపే ఆగిపోతాయి. ఆయిల్ మార్చడానికి అవి బంగారం, ఈ పనికి ఒంటరిగా చాలవు. హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణంలో దొరికే 1500 పౌన్ల మోటార్‌సైకిల్ లిఫ్టు మాత్రం ఈ పని కోసమే చేసినట్టుంటుంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి దాని మీద కుదురుగా కూర్చుంటాయి.

రెండు స్తంభాల లిఫ్టు పెట్టించుకుందాం అనుకునే టెక్సాస్ వాళ్లు ఇక్కడ ఆగాలి. మన దగ్గర చాలా ఇళ్ల పునాది పోస్ట్‌టెన్షన్ స్లాబు. కాంక్రీటు లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. లిఫ్టుని నేలకి బిగించే యాంకర్ బోల్టు కోసం డ్రిల్ వేసి ఒక తీగ తెంచితే అది కారు రిపేరుగా ఉండదు, ఇంటి రిపేరవుతుంది. గరాజ్ గోడ మీదో, నేల మీదో స్లాబు గురించి హెచ్చరిక ముద్ర ఉందేమో చూడండి.

లిఫ్టున్నవాళ్లకి ఇంకో మాట. ఇంజన్ ఉన్నప్పుడు ఈ కారు బరువంతా వెనకే. మూడొందల కిలోల పైచిలుకు ఒక్కసారిగా దిగిపోతే బరువు ముందుకు మొగ్గుతుంది. అప్పటిదాకా నిశ్చింతగా ఉన్న కారు ముక్కు కిందికి వాలొచ్చు. ముందు భాగం కింద స్తంభం లాంటి సపోర్టు పెట్టకుండా మౌంటు నట్లు విప్పొద్దు. జాక్ స్టాండ్ల మీద చేసేవాళ్లు నాలుగు మూలలా స్టాండ్లు పెట్టండి. ఇంజన్ బయటికొచ్చాక కారుని ఆనుకుని ఏ బోల్టూ గుంజొద్దు.

ఏసీ గురించి అందరూ అడుగుతారు. గ్యాస్ వదలక్కర్లేదు. గాలిలోకి వదలడం అమెరికాలో చట్టరీత్యా నేరం కూడా. కంప్రెసర్ బోల్టులు విప్పి, గొట్టాలు అలాగే ఉంచి, పక్కకి జరిపి తాడుతో కట్టేస్తే చాలు. మాన్యువల్ గేర్ల టర్బోలో క్లచ్‌కి హైడ్రాలిక్ సాయం ఉంటుంది. దాని ఆక్యుములేటర్‌లో (ఒత్తిడిని నిల్వ ఉంచే డబ్బా) ఒత్తిడి మిగిలే ఉంటుంది కాబట్టి లైను విప్పే ముందు పెడల్ పదేపదే తొక్కి దాన్ని ఖాళీ చేయాలి. నాలుగు చక్రాల డ్రైవు కాబట్టి గేర్‌బాక్స్ ముందు నుంచి వెళ్లే షాఫ్టు మర్చిపోవద్దు. చివరి నట్టు విప్పాక నాలుగంగుళాలు దించి ఆగి, టార్చిలైటుతో చుట్టూ చూడండి. ఎక్కడో ఒక గొట్టమో, ఎర్త్ తీగో ఇంకా బాడీని పట్టుకునే ఉంటుంది.

మూడో దారి, షాపు. డబ్బుంటే, ఈ ఇంజన్ గురించి తెలిసిన చెయ్యి దగ్గర్లో ఉంటే ఇందులో తప్పేమీ లేదు. బిల్లులో సింహభాగం ఇంజన్ దించి ఎక్కించే కూలిదే. ఫిట్టింగులన్నీ చేస్తారా, కారుతున్నది మాత్రమేనా అన్నది కాగితం మీద రాయించుకోండి. హౌసింగులు విప్పాక ఫోటోలు పంపమనండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) గొడవ ఉన్న ఇళ్లవాళ్లకి, గరాజ్ తలుపు మూయడం కుదరనివాళ్లకి ఇదే దారి.

హౌసింగులు బల్ల మీదకొచ్చాక రెండో ప్రశ్న: వెల్డింగా, పిన్నులా?

పిన్ను వేస్తే హౌసింగ్‌నీ గొట్టాన్నీ కలిపి స్క్రూ పట్టుకుంటుంది. గొట్టం ఊడదు. కానీ నీరు ఆపే పని ఇంకా జిగురుదే. అది వదిలితే చెమ్మ కడుతుంది, చుక్క పడుతుంది, అంతే. ప్రాణభయం పోతుంది, చిరాకు మిగులుతుంది. వెల్డింగ్ చేస్తే రెండూ పోతాయి. నేను వెల్డింగే చేయించాను. కాకపోతే వెల్డర్ మంచివాడు దొరకాలి. పోత అల్యూమినియం ఇరవై ఏళ్లు కూలెంట్‌లో నానింది కాబట్టి మురికిని పీల్చుకుని ఉంటుంది. పైనుంచి జిగురు మిగిలి ఉంటే కాలి, వెల్డులో సన్న రంధ్రాలు వదులుతుంది. గొట్టం ఊడదీసి, జిగురు మొత్తం గీకేసి, ఎసిటోన్‌తో తుడిచి ఇవ్వాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో మాత్రం తుడవొద్దు. ఆర్గాన్ ఆర్క్ తగిలితే దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. వెల్డయ్యాక వేడికి అంచు వంగిందేమో స్కేలు ఆనించి చూడండి. తర్వాత హౌసింగ్ నోళ్లన్నీ మూసి, గాలి పట్టి, నీళ్ల బకెట్లో ముంచితే బుడగలే చెబుతాయి. ఊళ్లో నమ్మకమైన వెల్డర్ లేకపోతే పాత జిగురు తీసి, కొత్త ఎపాక్సీతో అంటించి, పిన్ను వేసుకోవడం గౌరవంగానే ఉంటుంది.

డీలర్ దగ్గర కొత్త హౌసింగ్ కొంటే? అదీ జిగురుతోనే వస్తుంది. జిగురు బదులు మరలతో బిగించే ఫిట్టింగులతో బయటి కంపెనీలు చేసే భాగాలున్నాయి, బాగుంటాయి, ఖరీదు.

ఇంజన్ బయటుంది కదా అని చేతికందిన ప్రతిదీ మార్చాలనిపిస్తుంది. కూలింగ్ వరకూ వాటర్ పంపు, థర్మోస్టాట్, రబ్బరు గొట్టాలన్నీ, ముఖ్యంగా టర్బోలకి వెళ్లే సన్నవి, మార్చేయండి. స్పార్క్ ప్లగ్గులు సరే. క్లచ్ అరిగుంటే సరే. టర్బోలు మార్చడం, పౌడర్ కోటింగ్ వేయడం లాంటివి మొదలుపెడితే కారు ఇంకో చలికాలం దాకా స్టాండ్ల మీదే.

కూలెంట్ తిరిగి నింపడానికి వాక్యూమ్ ఫిల్లర్ తప్పనిసరి అంటాను. ఇంజన్ వెనక, రేడియేటర్లు ముందు, మధ్యలో కారంత పొడవు గొట్టాలు. గరాటుతో పోస్తే గాలి ఎక్కడో ఇరుక్కుంటుంది. కంప్రెసర్ గాలితో ముందు వ్యవస్థలో శూన్యం చేసి, ఫిల్లర్ మీటరు ముల్లు కాసేపు కదలకుండా నిలబడితే లీకు లేదన్న భరోసా కూడా అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత కూలెంట్ తనంతట తనే లాక్కుంటుంది. పట్టిన పాత కూలెంట్‌ని పిల్లలకీ కుక్కలకీ దూరంగా మూతపెట్టి ఉంచండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, నాకితే ప్రాణాల మీదికొస్తుంది.

మామూలు కరెరా, బాక్‌స్టర్ ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. మీ ఇంజన్ వేరు, మీకీ జిగురు గొడవ లేదు. మీ వాటర్ పంపు ఇంజన్ దించకుండానే మారుతుంది. అది ఎలాగో ఇంకోసారి రాస్తా.