హౌస్‌లకు ఏ పునీతుల పేర్లు మేలు? బ్యాడ్జీ మీద ఏ గుర్తు?

ప్రతి జూన్‌లో బడులు తెరిచే ముందు మన నల్లగొండ కతోలిక మేత్రాసనం (డయోసిస్) బడుల టీచర్లు అడిగేది ఒక్కటే. ఇన్నాళ్లూ రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో అని నడిచిన హౌస్‌లకు పాలక పునీతుల (పేట్రన్ సెయింట్ల) పేర్లు పెడదామని కరస్పాండెంట్ ఫాదర్ అంటున్నారు, ఎవరి పేర్లు పెడితే బాగుంటుంది, బ్యాడ్జీ మీద ఏం వేయించాలి అని. మా బడిలో ఈమధ్యే ఆ మార్పు జరిగింది, హౌస్ ఇన్‌చార్జిగా ఆ చర్చల్లో నేనూ ఉన్నాను, అందుకే నాకు తోచింది ఒకచోట రాసి పెడుతున్నా.

గట్టిగా నిలిచేవి మూడు దారులు. క్రీస్తు జీవితాన్ని సువార్తలుగా రాసిన నలుగురు సువార్తికులు ఒకటి. డాన్ బోస్కో, అలోషియస్ గొంజాగా, ఫ్రాన్సిస్ జేవియర్, చిన్న తెరేజమ్మ లాంటి యూరప్ పునీతులు రెండోది. మన దేశపు పునీతులు మూడోది. అతిదూతల (ఆర్కేంజెల్స్) పేర్లు పెడదామని కొందరంటారు గానీ శ్రీసభ, అంటే కతోలిక సంఘం, పేరు పెట్టి పిలిచే అతిదూతలు ముగ్గురే, హౌస్‌లు నాలుగు, కాబట్టి అది కుదరదు. కృష్ణా, మూసీ, డిండి అని నదుల పేర్లు బాగానే ఉంటాయి, కానీ పాలక పునీతులు కావాలనుకున్నాక వాటి మాటే రాదు.

సువార్తికులతో పెద్ద సుఖం ఏంటంటే గుర్తులు రెడీగా ఉన్నాయి. మత్తయికి రెక్కల మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద, నాలుగూ యెహెజ్కేలు గ్రంథంలోనూ దర్శన గ్రంథంలోనూ ఉన్నవే. బ్యాడ్జీ చూడ్డానికి అదిరిపోతుంది. చిక్కల్లా పిల్లలతోనే. సింహం వచ్చిన హౌస్ గంతులేస్తుంది, ఎద్దు వచ్చిన హౌస్ మొహాలు మాడిపోతాయి. ఏరువాక నాడు ఇంట్లో ఎద్దుల కొమ్ములకు రంగులేసి మొక్కే పిల్లలే, బడిలో మాత్రం ఎద్దు అంటే తిట్టు కింద లెక్క. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. కొన్నాళ్లకు సింహం మిగులుతుంది, మార్కు పోతాడు. నాకు తెలిసిన ఒక బడిలో స్పోర్ట్స్ డే కామెంటరీలో కూడా లయన్ హౌస్ అనే పిలుస్తున్నారు, మార్కు ఎవరంటే ఎనిమిదో తరగతి పిల్లలకూ తెలియదు. పైగా మార్కు పండుగ ఏప్రిల్ 25, ఎండాకాలం సెలవుల్లో పోతుంది, యోహానుది డిసెంబర్ 27, క్రిస్మస్ సెలవుల్లో పోతుంది.

యూరప్ పునీతుల్ని నేను తక్కువ చేయను. అలోషియస్ కథ చెప్పి చూడండి, 1591లో రోములో అంటురోగం వచ్చినప్పుడు రోడ్డు మీద పడి ఉన్నవాళ్లను ఎత్తుకుని తీసుకెళ్లి సేవ చేస్తూ 23 ఏళ్లకే చనిపోయాడు, కరోనా చూసిన పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. మీ సిస్టర్ల సభకు మూలపురుషులుంటే వాళ్ల పేరు ఒక హౌస్‌కు పెట్టుకోవడం న్యాయమే. గుర్తుల దగ్గరే కష్టం. అలోషియస్ గుర్తు లిల్లీ, మన పిల్లలు దాన్ని గీస్తే తామరపువ్వులా వస్తుంది, తామర అంటే ఒక పార్టీ గుర్తు. సేవకు గుర్తుగా చెయ్యి వేద్దామంటే అది ఇంకో పార్టీది. ఎలక్షన్ల ఏడాది ఒక్క పేరెంట్ అడిగినా ఫాదర్‌కు టెన్షన్, అందుకే ఈ రెండూ వద్దనే చెబుతా. 2025 సెప్టెంబర్ 7న పునీతుడైన కార్లో అకూటిస్ పేరు ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. మంచి పిల్లవాడు, కంప్యూటర్ బాగా వచ్చినవాడు, 15 ఏళ్లకే పోయాడు. కానీ బ్యాడ్జీ మీద కంప్యూటర్ బొమ్మ వేస్తే పదేళ్లకు పాతబడుతుంది.

ఇక నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మన బడుల్లో ఎక్కువమంది పిల్లలు కతోలికులు కారు. హిందువులు, ముస్లింలు, వేరే సంఘాల క్రైస్తవులు. సాయంత్రం ఇంటికెళ్లాక నాయనమ్మ షర్ట్ పట్టుకుని "ఇదేంది బిడ్డా?" అని అడుగుతుంది. ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పాలి, విన్న నాయనమ్మకు ఆ మనిషి మీద గౌరవం కలగాలి. అద్భుతాలు, దర్శనాలు చెప్పకుండానే ఆ కథ నిలబడాలి. ఈ పరీక్షలో మన దేశపు పునీతులు గెలిచినట్టు ఇంకెవరూ గెలవరు.

చావర కురియాకోస్ ఏలియాస్‌నే తీసుకోండి. కేరళలో ప్రతి చర్చి పక్కనా ఒక బడి ఉండాలన్నాడు, 1846లో మన్నానంలో సంస్కృత బడి పెట్టాడు, పేద పిల్లలకు మధ్యాహ్నం బడిలోనే అన్నం పెట్టించాడు, దానికోసం ఇంటింటా పిడికెడు బియ్యం తీసి పెట్టమని అడిగాడు. మా గ్రీన్ హౌస్ బ్యాడ్జీ మీద తెరిచిన పుస్తకం, దాని మీద బియ్యం పట్టిన పిడికిలి వేయించాం. పిడికిలి మూసి ఉంది కాబట్టి పార్టీ గోల లేదు. మధ్యాహ్న భోజనం తిని చదువుకున్న తల్లులకు దీన్ని వివరించే పనే పడలేదు.

రెడ్ హౌస్ దేవసహాయం పిళ్ళైది. 1712లో పుట్టినవాడు, తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి, కులం చూడకుండా అందరితో కలిసి తిన్నాడు. సంకెళ్లు వేశారు, దున్నపోతు మీద ఊరేగించారు, చివరికి 1752 జనవరి 14న కొండ మీద కాల్చి చంపారు. ఫాదర్ కాదు, సంసారి. 2022లో పునీతుడయ్యాడు. ఆ కొండ దగ్గర కొడితే గంటలా మోగే బండ ఒకటి ఉంది, అందుకే గుర్తుగా గుట్ట, దాని మీద గంట పెట్టాం. నల్లగొండ పిల్లలకు గుట్ట గీయడం ఒకరు నేర్పాలా? మొదటి నమూనాలో ఎర్ర బట్ట మీద నల్లగుట్ట కుట్టించారు, గ్రౌండ్ అవతలి నుంచి చూస్తే ఏమీ కనబడలేదు. ముదురు రంగు మీద ముదురు రంగు వేయకూడదు, తెలుపో పసుపో వేయాలి అన్నది యూరప్‌లో డాళ్ల మీద గుర్తులు వేసినవాళ్లు వందల ఏళ్ల నుంచీ పాటించిన నియమం, తెల్లగుట్ట చేయించాక తేడా తెలిసింది. ఈయన పండుగ సంక్రాంతి సెలవుల్లో పడుతుంది, ముందే జరుపుకోవాలి, అది ఒప్పుకోవాల్సిందే.

మదర్ థెరిసా గురించి చెప్పేదేముంది. కాన్వెంటు బడిలో చాలా ఏళ్లు భూగోళం, చరిత్ర చెప్పిన టీచరమ్మ, పండుగ సెప్టెంబర్ 5, అదే టీచర్స్ డే. నీలం అంచు చీర మాత్రం బ్యాడ్జీ మీద వేయకండి, అది ఆమె పెట్టిన సిస్టర్ల సభ పేరు మీద ట్రేడ్‌మార్క్ అయి ఉంది. వాళ్ల ప్రతి చాపెల్‌లో సిలువ పక్కన "దాహమగుచున్నది" అన్న క్రీస్తు మాట రాసి ఉంటుంది. అందుకే మేం బ్లూ మీద తెల్లటి నీళ్ల బిందె పెట్టాం. నీళ్ల కోసం మన జిల్లా పడ్డ కష్టం తెలిసినవాళ్లకు అంతకంటే మంచి గుర్తు దొరకదు.

ఎల్లో హౌస్‌కు కేరళ సిస్టర్ అల్ఫోన్సమ్మ పేరు అన్నప్పుడు కొందరు టీచర్లు వద్దన్నారు, ఆమె జీవితమంతా జబ్బే కదా, ఆటల హౌస్‌కు ఆ పేరేంటని. నేను ఒప్పుకోలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయిన తాతలున్న ఇళ్ల నుంచి మనకు పిల్లలొస్తారు. లేవలేని మనిషి కూడా ఇంటికి వెలుగు కాగలడని ఆ పిల్లలకు ఎవరు చెబుతారు? 35 ఏళ్లకే కన్నుమూసిన ఈమె 2008లో మన దేశం నుంచి పునీతురాలైన మొదటి మహిళ. గుర్తు దీపం. పసుపు మీద తెలుపు కనబడదు కాబట్టి ముదురు నీలంలో కుట్టించాలి.

మన దేశానికి వచ్చాడని చెప్పే క్రీస్తు శిష్యుడు తోమాసు గారిని వదిలేశారేంటని అడుగుతారు. ఆయన మూలమట్టం మంచి గుర్తే, ఐదో హౌస్ ఉంటే ఆయనదే.

ఆర్డర్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. నాలుగు గుర్తులూ ఆరో తరగతి పిల్లలకిచ్చి గ్రౌండ్‌లో ముగ్గుపిండితో వేయమనండి, వాళ్ల చేతికి రాని గీత ఏదైనా తీసేయండి. రంగులు మాత్రం మార్చకండి, పాత టీషర్టులే నడుస్తాయి, తల్లిదండ్రుల మీద మళ్లీ ఖర్చు పడదు. రోలింగ్ షీల్డుల మీద రెడ్, బ్లూ అని ఉన్న పాత పేర్లు చెరపకుండా వాటి కిందే కొత్త పేర్లు చెక్కించండి, అవి గెలిచిన పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు బడికొచ్చి వెతుక్కుంటారు.