పైప్‌వైర్: వచ్చిపోయే శబ్ద లోపాల విషయంలో నా అనుభవం

డెస్క్‌టాప్ లినక్స్‌లో శబ్దం అసలే రాకపోతే కారణం వెతకడం సులువే. చక్కగా వినిపిస్తూ హఠాత్తుగా తెగిపోయి, మనం చూడబోయేసరికి మళ్లీ ఏమీ ఎరగనట్టు పలికే లోపమే ప్రాణం తీస్తుంది. ప్రోగ్రాముల శబ్దాన్ని సౌండ్ కార్డుకు చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను సౌండ్ సర్వర్ అంటారు. చాలాకాలం పల్స్ ఆడియో అనే పాత సర్వర్‌తో నెట్టుకొచ్చి, 2021లో ఫెడోరా 34 అనే లినక్స్ వెర్షన్‌తో పైప్‌వైర్ అనే కొత్త సర్వర్‌కు మారిన నాకు ఇది లోపాలు లేని సర్వర్ అనిపించలేదు. లోపం ఎక్కడుందో కంటికి చూపించే సర్వర్ అనిపించింది.

ఆ చూపించే పని పీడబ్ల్యూ-టాప్ ఆదేశానిది. టెర్మినల్‌లో దాన్ని నడిపితే సౌండ్ కార్డుకూ, శబ్దం పంపుతున్న ప్రతి ప్రోగ్రాముకూ ఒక్కో వరుస కనిపిస్తుంది. పాట నడుస్తుండగా పెద్ద ప్రోగ్రాం కంపైల్ చేస్తుంటే చిటపటలు వినిపించేవి. అదే సమయంలో బ్రౌజర్ వరుసలో ఈఆర్ఆర్ (లోపాల లెక్క) కింది అంకె ఒక్కొక్కటిగా పెరిగేది. అదే వరుసలోని క్వాంట్ గడి, అంటే ఒక్కో విడతలో ఎంత శబ్దం సిద్ధం చేయాలో చూపేది, అసలు సంగతి చెప్పింది. మామూలుగా 1024 నమూనాలు (శబ్దపు చిన్న కొలతలు), అంటే 48,000 హెర్ట్జ్ వద్ద దాదాపు 21 మిల్లీసెకన్లు ఉండవలసిన గడువు, వేరే ప్రోగ్రాం ఒకటి తక్కువ జాప్యం కోరడంతో 256కు, అంటే సుమారు 5 మిల్లీసెకన్లకు పడిపోయింది. ఒకరు కోరిన తొందర ఆ సౌండ్ కార్డును పంచుకునే అందరి మీదా పడుతుంది. పైప్‌వైర్ అమరికల్లో ఈ గడువుకు కనిష్ఠ హద్దు పెట్టే డిఫాల్ట్.క్లాక్.మిన్-క్వాంటమ్ విలువను 1024కు పెంచాక చిటపటలు ఆగాయి. జాప్యం పెరుగుతుంది కాబట్టి సంగీతం రికార్డు చేసేవారికి ఈ మార్పు పనికిరాదు.

కాసేపు నిశ్శబ్దం తర్వాత వచ్చే గంట శబ్దంలో మొదటి ముక్క వినిపించకుండా పోవడం వేరే జబ్బు. ఐదు సెకన్లు పని లేకపోతే, పైప్‌వైర్‌కు తోడుగా పరికరాలను చూసుకునే వైర్‌ప్లంబర్ అనే ప్రోగ్రాం సౌండ్ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. ఆపై కెర్నెల్ (లినక్స్ మూల భాగం) సౌండ్ చిప్‌కు విద్యుత్తు తగ్గిస్తుంది. వైర్‌ప్లంబర్ అమరికల్లో సెషన్.సస్పెండ్-టైమౌట్-సెకండ్స్ విలువ 0 చేసి ఆ నిద్రను ఆపేయడంతో నా యంత్రంలో అది పోయింది. కొన్ని లాప్‌టాప్‌లలో కెర్నెల్‌లో సౌండ్ చిప్‌ను నడిపే హెచ్‌డీఏ మాడ్యూల్ పవర్_సేవ్ విలువను కూడా 0 చేయవలసి వస్తుంది. అందుకు బ్యాటరీ కొంత ఖర్చవుతుంది.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది. 2024లో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసే పాత అమరిక ఫైళ్లను వదిలేసి కొత్త పద్ధతికి మారింది. అప్‌గ్రేడ్ తర్వాత పాత ఫైలు ఉన్నచోటే ఉంటుంది, దాన్ని చదివే నాథుడు మాత్రం ఉండడు. పోయిందనుకున్న లోపం తిరిగి వస్తుంది. పాత సలహాలను యథాతథంగా అతికించే ముందు వెర్షన్ చూసుకోవడం తప్పనిసరి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు తెరవగానే సంగీతం నాణ్యత పడిపోవడాన్ని మాత్రం సర్వర్ ఖాతాలో వేయలేము; సంగీతానికి వాడే ఏ2డీపీ అనే బ్లూటూత్ పద్ధతి నుంచి ఫోను కాల్ పద్ధతికి మారడం వల్ల జరిగేది అది. సమావేశాలకు నేను లాప్‌టాప్ మైకునే ఎంచుకుంటాను.

ఏ లోపమైనా కనిపించిన వెంటనే పైప్‌వైర్ సర్వీసును రీస్టార్ట్ చేయకండి. శబ్దం బాగుపడుతుంది గాని ఈఆర్ఆర్ లెక్కలు సున్నాకు వెళ్లిపోతాయి. ముందు పీడబ్ల్యూ-టాప్ తెర ఒకసారి చూసి, సిస్టమ్ లాగ్‌ను చూపే జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో పైప్‌వైర్ సందేశాలు చదివి, ఆ తర్వాతే రీస్టార్ట్ చేయండి.