కోరంగి గాలిలో 8×42 బైనాక్యులర్: కొన్ని శీతాకాలాలు వాడాక

కాకినాడ దగ్గరి కోరంగి, భైరవపాలెం తీరం వైపు చలికాలం పిట్టలు చూడ్డానికి ఏ బైనాక్యులర్ కొనాలంటే నా ఓటు 8×42కే (ఎనిమిదింతలు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.). 10×42 కూడా ఇక్కడే వాడాను. డిసెంబరు, జనవరిలో ఈశాన్యపు గాలి బురద మేటల మీద అడ్డూ ఆపూ లేకుండా కొడుతుంది. పదింతల్లో పిట్ట పెద్దగా కనిపించే మాట నిజమే, చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. వంపు ముక్కుతో బురదలో మేసే కర్ల్యూ, వింబ్రెల్ పిట్టలు దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి. వింబ్రెల్ తలమీది చారలు తెలియాలంటే బొమ్మ రెండు క్షణాలైనా నిలవాలి. గాలిలో అది 8లోనే కుదిరింది.

చూపు వెడల్పూ ముఖ్యమే. వెయ్యి మీటర్ల దూరంలో 8×42 సుమారు 130 నుంచి 140 మీటర్ల మేర చూపిస్తుంది, 10×42లో అది ఇంకా తగ్గుతుంది. నల్లతోక గాడ్విట్ (పొడవు ముక్కు తీరపు పిట్ట) రెక్కమీది తెల్ల పట్టీ ఎగిరినప్పుడే బాగా తెలుస్తుంది, చారలతోక గాడ్విట్‌కు ఆ పట్టీ ఉండదు. గుంపు లేచి మళ్లీ వాలేలోపు దాన్ని పట్టుకోవాలంటే వెడల్పు కావాల్సిందే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఐ రిలీఫ్ (దృశ్యం మొత్తం కనిపించేలా కన్ను కంటి అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత) 16 మి.మీ.కు తగ్గనిది చూసుకోవాలి. మిగతావాళ్లు ఐకప్పులు (కంటి దగ్గరి రబ్బరు అంచులు) పూర్తిగా పైకి తిప్పితే గాలికి కళ్లు నీరు కారడం చాలా తగ్గుతుంది.

ఇక్కడ బైనాక్యులర్లను పాడుచేసేది ఉప్పు. తుంపర ఆరి ముందు అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. దృశ్యం మసకబారితే లెన్సు పోయిందనుకుని చొక్కా అంచుతో రుద్దేస్తారు, ఆ పొరలోని ఇసుక రేణువులు కోటింగ్‌ను గీసేస్తాయి. ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి వదిలే రబ్బరు బుడ్డితో) ఊదాలి. తర్వాత మంచినీళ్లు పోసి ఉప్పు కరగనివ్వాలి, ఆపైనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ మోడల్ కాకపోతే ఇలా కడగలేం, అందుకే ఆ ఒక్క విషయంలో డబ్బుకు వెనకాడొద్దు. ఫోకస్ చక్రం సందులో ఇసుక చేరితే తిప్పేటప్పుడు కరకరమంటుంది, అప్పుడు బలవంతంగా తిప్పకూడదు. తడి ఉండగా సంచిలో మూసిపెడితే ఈ తేమకు ఫంగస్ ఖాయం. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలి, రంగు మారగానే గింజలు మార్చాలి.

20-60×65 స్కోప్ (20 నుంచి 60 ఇంతల దాకా పెంచే ఒంటికన్ను దూరదర్శిని) ఉన్నా గాలిలో 30 ఇంతలు దాటితే అంతా వణుకే. ట్రైపాడ్ మధ్య కడ్డీ ఎత్తకుండా, కాళ్లలో పైనున్న లావు భాగాలు మాత్రమే దించి, కూర్చుని చూడాలి. బరువుకు సంచి వేలాడదీస్తే అది నేలకు ఆనాలి, ఊగితే ఇంకా నష్టం. కాళ్లు బురదలో దిగకుండా ఒక్కోదాన్ని కొబ్బరి చిప్పలో నిలబెడితే చాలు.

వేళ తప్పితే ఏ అద్దమూ ఆదుకోదు. పాటు వేళ పిట్టలు మేటల చివరకు పోతాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు చేరితే నీరే వాటిని ఒడ్డు వైపు తోస్తుంది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని లెక్కలో పెట్టుకోవాలి. మడ అడవుల ఒడ్డు నుంచి తూర్పుకు చూస్తే ఉదయమంతా ఎండ ఎదురే, మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు వీపు వైపు వస్తుంది. గాలి ఎక్కువుండేదీ అప్పుడే, 8×42 అక్కరకొచ్చేదీ అప్పుడే. కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ మీద నిలబడి కాకినాడ అఖాతం వైపు చూసేవాళ్లకు మాత్రం ఉదయమే మేలు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు మేటలు మునిగిపోతే, నీళ్లు తీసేసిన రొయ్యల చెరువులు వెతకండి, గట్టు చాటున గాలి కూడా తక్కువ.