నేను తిట్టుకున్న బ్రేకరే మా నాన్నని కాపాడింది

డల్లాస్ దగ్గర మా బ్యాక్‌యార్డ్‌లో హాట్ టబ్ పెట్టించి నాలుగేళ్ళు దాటింది. జెట్లు ఎన్ని, సీట్లు ఎన్ని అనేవి రాయను, అవి బ్రోచర్‌లోనే ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది గోడకి ఉన్న బూడిద రంగు డబ్బా గురించి, అదే 50 ఆంప్స్ జీఎఫ్‌సీఐ బ్రేకర్ ఉండే స్పా ప్యానెల్. జీఎఫ్‌సీఐ అంటే కరెంటు కొంచెం లీకైనా పట్టేసి లైను ఆపేసేది.

పోయిన డిసెంబర్‌లో అమ్మానాన్న వచ్చారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, సాయంత్రం ఓ పావుగంట ఆ వేడినీళ్ళలో కూర్చుంటే ప్రాణం లేచొస్తోందిరా అనేవారు. ఒకరోజు ఆయన దిగబోతుంటే నీళ్ళు చల్లగా ఉన్నాయి, చూస్తే బ్రేకర్ పడిపోయి ఉంది. ఆన్ చేస్తే పంపు తిరుగుతుంది, కాసేపటికి హీటర్ అందుకోగానే ఠక్కున పడిపోతుంది, మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. రెండ్రోజులు ఇదే గొడవ, నాకు ఆ బ్రేకర్ మీదే ఒళ్ళు మండింది. ఒక హ్యాండీమ్యాన్‌ని పిలిస్తే టబ్ మూత తీసి కూడా చూడకుండా, ఈ జీఎఫ్‌సీఐలు ఊరికే పడుతుంటాయి, తీసేసి మామూలు 50 ఆంప్స్‌ది వేసేస్తా, అరగంట పని అన్నాడు. నేను సరే అనబోయాను, నాన్నే ఆపారు. ముప్పై ఏళ్ళు బోరు మోటార్లతో వేగిన మనిషి ఆయన. "ఫ్యూజు పోతోందని లావు తీగ చుడతావేంట్రా, ఎందుకు పోతోందో చూడు ముందు" అన్నారు.

లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. కరెంటు ఆపి, హీటర్‌కి వెళ్ళే రెండు వైర్లూ ఊడదీసి, మళ్ళీ ఆన్ చేస్తే బ్రేకర్ నిలబడింది. హీటర్ కాయిల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెడితే అస్సలు రీడింగ్ రాకూడదు, వచ్చింది. కాయిల్ బయటికి తీసి చూపించాడు, వంపు దగ్గర వెంట్రుకవాసి చీలిక, చుట్టూ సున్నం తెల్లగా పేరుకుపోయింది. అంటే కరెంటు లీకయ్యేది నాన్న కూర్చునే నీళ్ళలోకే. ఎర్త్, బాండింగ్ (చుట్టూ ఉన్న లోహపు భాగాలన్నిటినీ వైరుతో కలపడం) బాగుంటే చాలావరకు అటు పోతుందట, కానీ ఆ వైరు ఎక్కడైనా వదులైతే? జీఎఫ్‌సీఐ అయితే 5 మిల్లీ ఆంప్స్ దగ్గరే పట్టేస్తుంది. మామూలు బ్రేకర్‌కి 50 ఆంప్స్ దాటితే గానీ తెలియదు, అందులో వెయ్యో వంతు చాలు మనిషి ప్రాణం తియ్యడానికి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట్లో నేను అందరికీ, ఒకసారి సరిగ్గా వేయించుకుంటే మళ్ళీ దాని జోలికి వెళ్ళక్కర్లేదు అని చెప్పేవాడిని. ఇప్పుడా మాట అనను. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. పైగా అది పడిపోయినట్టు మనకేమీ తెలియదు, మనం ఊళ్ళో లేనప్పుడు హీటరూ పంపూ ఆగిపోయి, గడ్డకట్టే చలొస్తే పైపులు పగులుతాయి, 2021 ఫిబ్రవరి చూసిన టెక్సస్ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. డబ్బా టబ్‌కి కనీసం 5 అడుగుల దూరంలో, కంటికి కనపడేలా ఉండాలి, మాది అలాగే ఉంది గానీ చూరు నీళ్ళు పడేచోట బిగించారు, కీలు తుప్పు పట్టేసింది.

మా మెయిన్ ప్యానెల్ పక్కనే గ్యారేజీలో ఉంది, అందులో ఖాళీ కూడా ఉంది కాబట్టి టబ్‌కి లైను వేయడం మాకు తేలిగ్గా అయిపోయింది. పాత ఇల్లు, 100 ఆంప్స్ ప్యానెల్ అయితే ఖర్చు వేరే లెక్క. ఇద్దరే ఉంటే 120 వోల్టుల ప్లగ్‌తో వచ్చే చిన్న టబ్ చాలేమో, దాని త్రాడులోనే జీఎఫ్‌సీఐ ఉంటుంది.

కొత్త కాయిల్ వేసిన రోజే తెనాలిలో తమ్ముడికి ఫోన్ చేసి, గీజర్ లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ పట్టే బ్రేకర్‌కి మన దగ్గర పేరు) ఉందా అని అడిగా. లేదన్నాడు, ఆ వారంలోనే పెట్టించాడు.