పింటో బీన్స్: గిన్నెలోనా, కుక్కర్‌లోనా?

అమెరికాలోని అపలాచియా కొండప్రాంతాల్లో పింటో బీన్స్ (రాజ్మా లాంటి మచ్చల గింజలు), కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) అంటే మనకు పప్పన్నం లాంటిది. రాత్రి నానబెట్టిన గింజల్ని, పొగబెట్టిన పంది మాంసం ముక్క, ఉల్లిపాయ వేసి మందపాటి గిన్నెలో సన్నసెగ మీద పెడితే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మధ్యమధ్యలో నీళ్లు చూసుకోవాలి. అయితేనేం, కొన్ని గింజలు మెదిగి, మిగతావి నిలబడి, రసం దానంతటదే చిక్కబడుతుంది.

కుక్కర్‌లో పావుగంట చాలు. గింజ మెత్తబడుతుంది గానీ రసం పల్చనే. మూత తీసి, గరిటెతో కాస్త మెదిపి ఇంకో పది నిమిషాలు మరిగిస్తే తప్ప దారికి రాదు. గింజలు పాతవైతే మాత్రం కుక్కరే నయం. గిన్నెలో ఎంతకీ ఉడికి చావవు!

ఎందులో వండినా కార్న్‌బ్రెడ్ పద్ధతి ఒకటే. ఇనప మూకుడును కొవ్వుతో సహా ఓవెన్‌లో ముందే బాగా కాల్చాలి. మొక్కజొన్న పిండి, మజ్జిగ, గుడ్డు, బేకింగ్ సోడా కలిపి పోయగానే సుయ్‌మనాలి, అప్పుడే అడుగు కరకరలాడుతుంది. 220 డిగ్రీల సెల్సియస్‌లో 20 నుంచి 25 నిమిషాలు. అక్కడ చాలామంది చక్కెర వేయరు, నేనూ వేయను.

పనిరోజుల్లో కుక్కర్‌ను తప్పుపట్టను. ఆదివారం మాత్రం నా ఓటు గిన్నెకే.