ఎవరు నొక్కారో చెప్పే లెక్క: మూడేళ్ల వాడకం తర్వాత

జీడిమెట్లలో ఫ్యాక్టరీ, బేగంపేటలో ఆఫీసు ఉన్న ఒక మందుల ముడిసరుకు సంస్థలో నేను పరిపాలన విభాగం చూస్తాను. ఉద్యోగులకు సైబర్ భద్రతపై అవగాహన కల్పించే పనిని మూడేళ్ల కిందట నాకు అప్పగించినప్పుడు, చిన్న వీడియోలు, ప్రశ్నలు, నెలకొక ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్ (లింకు నొక్కించి మోసగించే మెయిళ్లను పోలిన పరీక్ష), ఫలితాలు చూపించే డాష్‌బోర్డు కలిపి అమ్మే ఒక సర్వీసును తీసుకున్నాం. ఇలాంటివన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి కనుక ఆ వివరాల జోలికి వెళ్లను.

నా ఫిర్యాదంతా ఆ డాష్‌బోర్డులోని ఒకే ఒక్క అంకె మీద: నూటికి ఎంతమంది లింకు నొక్కారన్నది. మొదటి ఏడాది ఆ అంకె నెలనెలా తగ్గుతుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. యాజమాన్యం ముందు దాన్నే చూపించాను, బాలానగర్‌లో ఇద్దరు పరిచయస్తులకు ఇదే తీసుకోమని చెప్పాను కూడా. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, వాళ్లు మళ్లీ అడిగితే అంత గట్టిగా చెప్పలేను.

నిరుడు దసరాకు ముందు, పండుగ బోనస్ వివరాల పేరుతో ఉత్తుత్తి మెయిల్ పంపాం. (ఆ విషయం ఎంచుకున్నది నేనే, అది మంచి ఎంపిక కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను.) మరునాడు ఫలితాల్లో 11 మంది పేర్ల పక్కన ఎరుపు గుర్తు కనిపించింది. నొక్కినవారిని మళ్లీ శిక్షణలో చేర్చి, వారి పై అధికారికి తెలియజేసే ఏర్పాటు అప్పటికే ఉంది. మధ్యాహ్నానికి స్టోర్స్‌లో లెక్కలు చూసే పెద్దాయన, రిటైర్మెంటుకు ఏడాది ఉన్న మనిషి, నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అమ్మా, నిన్న పొద్దున నేను రైల్లో ఉన్నాను. కాచిగూడలో దిగేసరికే పన్నెండైంది. ఆ మెయిల్ నేను చూడనే లేదు" అన్నారు. ఫోనులో చూసి మరిచిపోయి ఉంటారని నేను మర్యాదగానే అన్నాను. ఆయన మారుమాట లేకుండా వెళ్లి, వీడియో చూసి, పరీక్షలో 20కి 20 తెచ్చుకున్నారు.

నాకు అనుమానం వచ్చింది అకౌంట్స్ అమ్మాయి వల్ల. ఆ మెయిల్ అనుమానాస్పదంగా ఉందని అందరికంటే ముందు రిపోర్టు చేసిన ఆమె పేరు కూడా ఎరుపు జాబితాలో ఉంది, అదీ రెండు నొక్కులతో. అప్పుడు పూర్తి లాగ్, అంటే ఏది ఏ క్షణాన జరిగిందో నమోదయ్యే చిట్టా, దించుకుని చూస్తే, మెయిల్ చేరింది 10:02:11కి, మొదటి నొక్కు పడింది 10:02:15కి. మిగతా వాళ్లవీ అంతే, నాలుగైదు సెకన్ల తేడా. నొక్కు వచ్చిన ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే అంకెలు) మా ఆఫీసుదీ కాదు, ఎవరి ఫోనుదీ కాదు, ఎక్కడో డేటా సెంటర్‌ది. విషయమేమిటంటే, ఆ వారమే స్టోర్స్, అకౌంట్స్ విభాగాలకు కొత్త మెయిల్ ఫిల్టర్ పెట్టి చూస్తున్నాం. వచ్చిన ప్రతి లింకునూ అది ముందుగా తానే తెరిచి పరీక్షిస్తుంది. రిపోర్టు చేసిన మెయిల్‌ను మరోసారి తెరిచింది కనుక, జాగ్రత్తపడిన అమ్మాయి ఖాతాలోనే రెండు తప్పులు పడ్డాయి.

ఫిల్టర్‌ను మినహాయింపుల జాబితాలో చేర్చాలని సెటప్ పత్రంలో ఉందని అమ్మినవాళ్లు చెప్పారు. నిజమే, ఉంది. కానీ నాలుగు సెకన్లలో మెయిల్ తెరిచి, చదివి, లింకు నొక్కే మనిషి ఉండడని కనిపెట్టి, ఆ నొక్కులను పక్కన పెట్టవలసిన పని డాష్‌బోర్డుది కాదా? ఆ ఎరుపు గుర్తులు తీయించడానికి మూడు వారాలు పట్టింది. నేను 11 మందికీ క్షమాపణ చెప్పుకుని, పై అధికారులకు సవరణ పంపాను. అయినా తర్వాతి రెండు నెలలు స్టోర్స్ నుంచి ఒక్క రిపోర్టూ రాలేదు. దేన్ని ముట్టుకుంటే ఏం మీద పడుతుందోనని వాళ్లు అసలు మెయిళ్లనే తాకడం మానేశారు.

నన్ను బాధించింది అదే. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా నివేదించాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. డబ్బు పోయిందనుకుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, దాన్ని ఖాతాల్లోనే నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. భయపడి నోరు మూసుకునే ఉద్యోగితో ఈ రెండూ జరగవు. అందుకే ఇప్పుడు నేను, మెయిల్ వెళ్లిన తర్వాత ఎన్ని నిమిషాలకు మొదటి రిపోర్టు వచ్చిందన్నదే చూస్తున్నాను. పై అధికారికి వెళ్లే మెయిల్‌ను ఆపించాను.

తెలుగు వీడియోలు ఉన్నాయని మొదట్లో మెచ్చుకున్నాను. ఉన్నాయి గానీ, వాటిలోది అనువాదపు తెలుగు. ఇక మెయిల్ ఖాతాలే లేని ప్లాంటు కార్మికులకు ఈ సర్వీసు ఏమాత్రం చేరదు. వాళ్లకు వచ్చేవి కరెంటు కట్ చేస్తామనే మెసేజ్‌లు, డిజిటల్ అరెస్టు ఫోన్లు. సైబర్ జాగరూకతా దివస్ అయిన నెల మొదటి బుధవారం, క్యాంటీన్‌లో నేనే 20 నిమిషాలు మాట్లాడుతున్నాను.

మూడేళ్ల ఒప్పందం అడిగారు, ఒక్క ఏడాదికే పొడిగించాం. ఫిల్టర్ మార్పులను రోజూ కనిపెట్టుకుని ఉండే సొంత ఐటీ మనిషి ఉన్న సంస్థకు ఇది సరిపోవచ్చు. మా దగ్గరికి నెట్‌వర్క్ కాంట్రాక్టర్ వారానికి రెండు సార్లే వస్తాడు. అందుకని ఎవరూ తెరవని ఐదు ఖాళీ మెయిల్‌బాక్సులు పెట్టుకుని, ప్రతి పరీక్షనూ ఒకరోజు ముందు వాటికి పంపి చూస్తున్నాను. పోయిన నెల వాటిలో రెండింటి పక్కన ఎరుపు గుర్తు పడింది. ఆ పరీక్ష ఇంకా వాయిదాలోనే ఉంది.